చెవికి లంచం

వస్తువును పారేయకుండా బాగుచేసుకునేవాడు పొదుపరి అని మనకో నమ్మకం. నలుగురిలో నేనూ ఆ మాటే చెబుతుంటాను. నా 68 కీల చవక మెకానికల్ కీబోర్డు మూత విప్పిన దగ్గర్నుంచి మాత్రం ఆ మాటకు నోరు రావడం లేదు.

బాగుచేయాల్సింది నిజానికి ఒక్కటే. నేను తెలుగును ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో కొడతాను. అందులో పొల్లు 'డి' కీ మీద ఉంటుంది. వత్తు కావాలంటే దాదాపు ప్రతిసారీ దాన్ని నొక్కాల్సిందే కనుక తెలుగువాడి బోర్డులో ఆ కీకి చాకిరీ ఎక్కువ. ఒకసారి నొక్కితే రెండు పొల్లులు పడటం మొదలైంది. 'అమ్మ' కొడితే వత్తు కిందికి దిగదు, మాట విరిగిపోతుంది. కీ కింది స్విచ్‌లో లోహపు రేకులు తగులుకున్న ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. ఆ మాత్రం అదురును చిప్పు పట్టించుకోదు. రేకు మాసి అదురు పెరిగితే, అదే దాని లెక్కలో రెండో నొక్కు. ఈ బోర్డు హాట్ స్వాప్‌ది, టంకం పని లేదు. పాత స్విచ్ పీకి కొత్తది గుచ్చాను. అమ్మ కుదురుకుంది.

అక్కడ ఆగొచ్చు. ఆగలేదు. స్పేస్ బార్ ఒక పక్కకు వాలకుండా కింద ఉక్కు తీగ ఉంటుంది. చవక బోర్డుల్లో అది గలగలలాడుతుంది. తీగ కొసలకు గ్రీజు పూశాను. సర్క్యూట్ బోర్డు వీపున మాస్కింగ్ టేపు రెండు పొరలు వేశాను. ఆ తర్వాత ఒక్కో స్విచ్ విప్పి, స్ప్రింగు తీసి, సన్న కుంచెతో లోపలి కాడకు గ్రీజు. గుల్ల శబ్దం పోయి, మెత్తగా, బరువుగా పలకడం మొదలైంది. ఎంత బాగుందో!

బాగుందని ఎవరన్నారు? పొల్లు విషయంలో సాక్ష్యం తెర మీదే ఉంది. శబ్దానికి సాక్షి నా చెవి ఒక్కటే. రాత్రంతా చాకిరీ చేసి దానికి లంచం పెట్టిందీ నేనే. పోల్చి చూద్దామంటే పాత శబ్దం ఇక లేదు. పోనీ, పూర్వస్థితికి తెచ్చాననడానికీ వీల్లేదు. జర్మనీ చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్ పేటెంటు గడువు తీరాక చైనాలో వచ్చిన నకళ్లలో ఒకటి నాది. ఆ గుల్ల శబ్దం దానికి పుట్టుకతో వచ్చిందే. పుట్టుగుణాన్ని మార్చి బాగుచేశానంటే ఎలా?

రాతకేమైనా మేలు జరిగిందా? ఆ కొత్త శబ్దం వినడానికి నేను కొట్టేవన్నీ అర్థం లేని అక్షరాలు. నిజంగా రాస్తున్నప్పుడు కీబోర్డు వినపడనే వినపడదు. వినపడుతోందంటే వాక్యం రావడం లేదన్నమాట. వినపడని దానికోసం ఇంత శ్రమ దేనికి? సిగ్గు విడిచి చెబితే, వాక్యం రాని రాత్రి చేతులకు పని దొరకడం హాయిగా ఉంది, అంతే. దానికి పొదుపని పేరు పెట్టడమే బాగాలేదు. గ్రీజు, కుంచె, స్విచ్ విప్పే పరికరం, ఆ ఊపులో కొన్న కీక్యాపులు కలిపితే బోర్డు ధర దాటిపోయింది.

మీ కీబోర్డులో ఒక కీ రెండుసార్లు పడుతుంటే బోర్డు పారేయకండి, ఆ ఒక్క స్విచ్ మార్చండి. మిగతా వాటికి గ్రీజు పూయాలనిపిస్తే పూసుకోండి. ఖర్చు మాత్రం సరదా పద్దులో రాసుకోండి.