పాల మీద బాస

దసరా వెళ్లిన మర్నాడు పేపరు విప్పాలంటే నాకు భయం. దేవరగట్టు గురించి రాస్తారు. ఎన్ని తలలు పగిలాయో అంకె వేస్తారు. అంకెలో ఉన్న ప్రతి ఒక్కటీ ఒక ఇల్లని నాకు తెలుసు.

మా అమ్మమ్మగారిది హొళగుంద. నాకు తొమ్మిదేళ్లప్పుడు దసరా సెలవులకి అక్కడే ఉన్నాను. తెల్లారుతుండగా చిన్నమామ గట్టు నుంచి వచ్చాడు. తల ఎడమవైపు చీలి ఉంది, గాయం నిండా పసుపు. మా వైపు బండారు అంటారు. అమ్మమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

"దేవుడు గట్టెక్కినాడేమిరా?" అంది.

"ఎక్కినాడమ్మా."

"అయితే కూర్చో" అని నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది. ఆ ఇద్దరూ నా కళ్లకి వీరుల్లా కనిపించారు. పొయ్యి దగ్గర అమ్మమ్మ చేతులు వణకడం చూశాను గానీ, చలేమో అనుకున్నాను. మామకి ఆ తర్వాత ఎడమ చెవి వినపడలేదు.

గుడి కథ చాలా పాతది. మణి, మల్లాసురులనే రాక్షసులు మునుల్ని బాధిస్తుంటే శివుడు భైరవుడై సంహరించాడట. మహారాష్ట్రలో జెజూరి ఖండోబాకీ, కన్నడదేశంలో మైలారలింగడికీ ఇదే కథ, ఇదే పసుపు. 1953లో ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రలోకీ, బళ్లారి మైసూరులోకీ వెళ్లాయి. ఆ సరిహద్దు సంగతి స్వామికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పటికీ రెండు భాషల వాళ్లూ వస్తారు.

దసరా అర్ధరాత్రి గట్టు మీద మాళమ్మకీ మల్లేశ్వరుడికీ కళ్యాణం. తర్వాత విగ్రహాలు దివిటీల వెలుగులో కిందికి దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు కర్రలు పట్టుకుని కాపు కాస్తారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విగ్రహాలు దక్కించుకోవాలని కర్రలతోనే వస్తారు. రక్షపడ దగ్గర రాక్షసుడికి పిడికెడు రక్తం. బసవన్న గుడి దగ్గర ఆ యేటి వానలూ పంటలూ చెప్పే భవిష్యవాణి. తెల్లారేసరికి దేవుడు మళ్లీ గట్టెక్కుతాడు.

ఇంత జరగడానికి ముందు ఇంకొకటుంది. దాని గురించి పేపర్లో ఓ మూల ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. కాపు కాసే మూడు ఊళ్లవాళ్లూ పాలలో చెయ్యి పెట్టి బాస చేస్తారు. పాత కక్షలు మరిచిపోతాం, ఒక్క మాట మీద ఉంటాం అని. దీక్షలో ఉన్నన్నాళ్లూ మందూ మాంసం ముట్టరు, కాళ్లకి చెప్పులు వేసుకోరు.

మొన్న ఫోన్లో మామకొడుకుతో అన్నాను, ఆ కర్రలు మానకూడదా అని.

"కర్ర లేకుంటే బన్ని ఏముంది వదినా? తాతల నాటిది. మీరు పట్నంలో కూర్చోని ఎన్నైనా చెప్తారు" అన్నాడు.

చురుక్కుమంది. అబద్ధం కాదు కదా! కానీ తాతల నాటిదంటే ఏమిటి? జపానులో ఇసే అని షింటో మతం వాళ్ల గుడి ఉంది. 690 నుంచీ ఇరవయ్యేళ్లకోసారి పక్క స్థలంలో కొత్త కలపతో అచ్చు అలాగే మళ్లీ కడతారు. 2013లో కట్టింది అరవై రెండోసారి. అంటే ఆ పాత గుడిలో పాత దూలం ఒక్కటీ ఉండదన్నమాట! యుద్ధాల రోజుల్లో ఆ ఆచారం నూరేళ్లకు పైగా ఆగింది కూడా. ఆగినా చావలేదు. పాతదనం కలపలో లేదు, కట్టే చేతుల్లో ఉంది.

మనది మాత్రం కర్రలోనే ఉందా? 2023లో చూడ్డానికి చెట్టెక్కినవాళ్ల బరువుకి కొమ్మ విరిగి ప్రాణం పోయింది. వందకు పైగా గాయపడ్డారు. పోలీసులు కెమెరాలు పెడతారు, డాక్టర్లు శిబిరం వేస్తారు. గాయపడ్డవాడు బండారు అద్దుకుని నడిచి పోతాడు. భయపెట్టి మాన్పించడం అయ్యే పని కాదు. వద్దనేమాట బయటినుంచి వస్తే అది ఇంకో కర్రే అవుతుంది.

మాన్పించగలిగిన మాట వాళ్ల దగ్గరే ఉంది. కక్ష వద్దన్నదీ మందు వద్దన్నదీ ఏ సర్కారూ కాదు, ఆ పాలబాసే. ఎదురొచ్చే ఊళ్లవాళ్ల చేతులు కూడా ఆ పాలలో ఎందుకు మునగకూడదు? మా హొళగుంద చెయ్యి కూడా! పిడికెడు రక్తం చాలన్న రాక్షసుడికి మనమెందుకు కడివెడు పొయ్యాలి?

మామకొడుకుతో ఇదే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నాయనను అడుగుతా వదినా" అన్నాడు. మామ వినపడే చెవి ఇటు తిప్పితే చాలు.

అమ్మమ్మ ఆ తెల్లారి ముందు దేవుడి సంగతే అడిగింది. కొడుకు సంగతి అడగడానికి ఆవిడకి ధైర్యం చాలలేదని ఇప్పుడు అర్థమవుతోంది. దేవుడు ఏటేటా గట్టెక్కుతూనే ఉన్నాడు. గట్టెక్కాల్సింది మనుషులు.