జీలుగు చెట్టు నీడ

దంతెవాడ జిల్లాలోని గీదము పరిసరముల వాగుల ఒడ్డున జీలుగు చెట్టు పెరుగును. బస్తరు ప్రజలు దానిని సల్ఫీ యందురు. ఉదయ సాయంకాలములందు కల్లు దింపి, ఆకుదొప్పలలో పోసికొని, మొదటి బొట్లు పెద్దల పేర నేలపై విడిచి త్రాగుదురు. ఆ చోటికి గోడలు లేవు, తలుపు లేదు. అయినను అది చుట్టుప్రక్కలవారికి చావడి వంటిది.

త్రాగుట తప్పా యని అడుగుట సులభము. ఎవరి నడుమ త్రాగుచున్నాడని అడుగుట మేలు. చెట్టు ఆ పూట ఇచ్చినంతే త్రాగవలెను. ప్రొద్దెక్కిన కొలది కల్లు పులిసిపోవును, దాచిన నిలువదు. ప్రక్కనున్నవాడు పేరుపెట్టి పిలుచువాడు. నోరు జారినచో మరునాడు వానికే మొగము చూపవలెను. అంగడిలో కొని ఒంటరిగా త్రాగు సీసాకు ఈ రెండు కట్టుబాట్లును లేవు.

అట్లని అడవి జీవితము నిర్దోషమనరాదు. ఈ ప్రాంతపు మరియా గోండుల హత్యలను గూర్చి వెరియర్ ఎల్విన్ 1943లో ప్రకటించిన గ్రంథమున, త్రాగుడు రేపిన కలహములును కలవు. చెలిమి చేతిని కొంత పట్టును గాని, ఎత్తిన గొడ్డలిని ఎల్లప్పుడు ఆపజాలదు. ఆ దెబ్బ తగులు ఇల్లాలి మాటకు విలువ యెక్కడ? షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపానీయములను నిషేధించు, నియంత్రించు అధికారము గ్రామసభకు ఉండవలెనని 1996 నాటి పంచాయతుల విస్తరణ చట్టము నిర్దేశించినది. ఆ సభలో ఆమెకును చోటు కలదు.

నీడన కూర్చుండినవారికే గాక, ఇంట ఎదురుచూచువారికిని జవాబు చెప్పగలిగినప్పుడే ఆ వేడుక ధర్మమగును.