పరాయి దేశంలో పథ్యం, ప్రసాదం

ఒంటికి పడని తిండిని ప్రయాణంలో పక్కన పెట్టడం వైద్యులు చెప్పే జాగ్రత్త. ఆ తిండి దేవుడి ప్రసాదమైతే, ఆదరంగా పిలిచినవాళ్లు వడ్డించినదైతే, దాన్ని కాదనవచ్చా అన్నది ధర్మసందేహం. దేశం కాని దేశంలో ఈ సందేహం మరింత బాధిస్తుంది. అక్కడి వంటలో ఏం పడుతుందో తెలియదు, అడగడానికి భాష రాదు, కాదంటే ఎదుటివారు ఏమనుకుంటారో అన్న బెరుకు ఉంటుంది.

పడకపోవడం అందరిలోనూ ఒకలా ఉండదు. లాక్టేజ్ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారికి పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. పేగుకు గాయం కాదు. సీలియాక్ వ్యాధి అలా కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ లోపలికి వెళితే శరీరపు రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు పొరనే దెబ్బతీస్తుంది. జబ్బుకు మూలం గోధుమలో ఉందని నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె 1950లో తన పరిశోధన గ్రంథంలో నిరూపించాడు. నేటికీ దీనికి చికిత్స జీవితాంతం పథ్యమే.

వ్రతనియమానికి ఆపదలో సడలింపు ఉంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడు కరువు పీడించిన కురుదేశంలో తిరుగుతూ, ఒకడు తింటున్న ఎంగిలి గింజలనే అడిగి తీసుకుంటాడు. అతడే నీళ్లు ఇవ్వబోతే ఎంగిలివని వద్దంటాడు. గింజలు లేకపోతే ప్రాణం నిలవదు, నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. సడలింపు ప్రాణం నిలిపేంతవరకే. ఖురాన్ రెండో అధ్యాయం ఉపవాసం విషయంలో రోగినీ, ప్రయాణికుడినీ ఒకేచోట చేర్చి, ఆ దినాలను తర్వాత పూర్తిచేయమంటుంది. ప్రయాణమూ అనారోగ్యమూ నియమాన్ని సడలించే కారణాలని పెద్దలు ఎప్పుడో గుర్తించారు.

పథ్యంలో ఇది తలకిందులవుతుంది. ఉషస్తి నియమం వదిలి ప్రాణం కాపాడుకున్నాడు. సీలియాక్ రోగి నియమం పట్టుకునే కాపాడుకోవాలి. అందుకే “ఈ ఒక్కసారికి ఏం కాదులే” అన్న ఆప్యాయత అతడి విషయంలో చెల్లదు. పథ్యాన్ని మడి, ఆచారాల వరుసలో చేర్చి చాదస్తమనుకోవడం చాలా పెద్ద పొరపాటు.

పవిత్రమైన ఆహారం ఒంటికీ మంచిదేనన్న భరోసా కూడా ఇక్కడ పనికిరాదు. జపాన్‌లోని కోయసాన్ కొండమీద బౌద్ధ మఠాలు యాత్రికులకు బస ఇచ్చి శాకాహారం పెడతాయి. మాంసం ముట్టని తెలుగు యాత్రికుడికి అంతకన్నా నిశ్చింతైన భోజనం ఉండదు. కానీ ఆ వంటల్లో వాడే ‘ఫు’ గోధుమ గ్లూటెన్‌తోనే చేస్తారు, సోయాసాస్‌లోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది. మన పులిహోరదీ అదే కథ. బియ్యంతో చేసిందే అయినా, అందులో వేసే పొడి ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు.

ఈ సమస్యను శాస్త్రబద్ధంగా ఎదుర్కొన్నది క్యాథలిక్ సంఘం. చర్చి పూజలో పంచే దివ్యసత్ప్రసాదపు అప్పం గోధుమతోనే చేయాలని ఆ సంఘపు కేనన్ చట్టం 924 చెబుతుంది. గ్లూటెన్ పూర్తిగా తీసేసిన అప్పం చెల్లదనీ, రొట్టె కావడానికి సరిపడేంత గ్లూటెన్ మిగిలితే చెల్లుతుందనీ 2003లో కార్డినల్ రాట్జింగర్ సంతకంతో వాటికన్ లేఖ వచ్చింది. 2017 లేఖ దాన్నే మళ్లీ చెప్పింది. అమెరికాలోని మిజూరి రాష్ట్రం క్లైడ్‌లో బెనెడిక్టైన్ సన్యాసినులు చేసే అప్పంలో గ్లూటెన్ సుమారు 0.01 శాతం. అదీ పడనివారు ద్రాక్షారసం ఒక్కటే స్వీకరించవచ్చు. రెండింటిలో ఏ ఒక్కటి అందుకున్నా క్రీస్తును సంపూర్ణంగా అందుకున్నట్టేనని వారి సిద్ధాంతం. అయితే పూజలో గురువు అప్పం ముక్కను పాత్రలోని రసంలో వేస్తాడు కాబట్టి, వీరికి వేరే పాత్ర ఉండాలి. పరాయి ఊరి చర్చికి వెళ్లిన యాత్రికుడు పూజకు ముందే గురువుతో ఈ మాట చెప్పుకోవాలి.

గోధుమ నియమం రోగిపట్ల కాఠిన్యమని కొందరికి తోచవచ్చు. కానీ నియమాన్ని నిలబెట్టుకుంటూనే, రోగి వెలి కాకుండా దారి వెతికారు. ఏ మతమైనా చేయవలసింది ఇదే. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కవారి చేతిలో పెట్టడంలో అపచారం లేదు. అనుగ్రహం మింగిన మెతుకుల లెక్కను బట్టి రాదు.

ఇంటి అతిథి విషయంలో భారం రెండు వైపులా ఉంది. పథ్యం ఉన్నవాడు వడ్డన మొదలయ్యాక కాదు, ఆహ్వానం అందగానే చెప్పాలి. తనకు పడని పదార్థాలను ఆ దేశపు భాషలో రాయించిన చీటీ దగ్గర ఉంచుకోవాలి. గోధుమ, పాలు, వేరుశనగ సహా 14 రకాల పదార్థాల గురించి తినేవారికి తెలపాలని 2014 డిసెంబరు నుంచి ఐరోపా సమాఖ్య చట్టం హోటళ్లను కూడా ఆదేశిస్తోంది. పిలిచినవాడు అతిథి మాటను అనుమానించకూడదు, బలవంతం చేయకూడదు. గరిటె, మూకుడు, నూనె విడిగా వాడటం కూడా ఆతిథ్యంలో భాగమే.

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం మొదలుకొని తెలుగువారు వెళ్లే విదేశీ ఆలయాలన్నింటిలో ప్రసాదం పంచేచోట అందులో ఏమేం కలిశాయో రాసి పెట్టాలి. పిండి కలపని ఇంగువ వాడితే పులిహోరను మరికొందరు నిశ్చింతగా తినగలుగుతారు. ఆలయ నిర్వాహకులు ఈ చిన్న పనికి పూనుకోవాలి.