తూటా వెనుక పూచీ

నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. అయినా బెంగళూరు కెన్నెత్ ఆండర్సన్ వేట కథలు చదివినప్పుడల్లా ఒక సందేహం. ఆయన వాడిన .405 వించెస్టర్ తూటా 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19 గ్రాములు. మృగం బాధపడకుండా ఒక్క దెబ్బకే పోవాలని పెద్ద తూటా అంటారు. ఇది దయా, భయమా?

తూటా పెద్దదయ్యే కొద్దీ తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. ఆ జంకుతో గురి తప్పుతుంది. చేతికి లొంగని తూటా దయ కాదు.

1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులికి కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. ఎవరిదో పాత తుపాకీ దెబ్బ. సహజమైన వేట సాగక అది మనుషుల మీద పడింది. 436 మందిని చంపిందని లెక్క. కాల్చినవాడొకడు, మూల్యం చెల్లించినవాళ్లు వేరు.

కనుక ఏ తూటా అన్నది తర్వాతి మాట. గాయపడ్డ ప్రాణి వెంట వెళ్లి పని ముగించే పూచీ నాదే అనుకోగలవాడే మీట నొక్కాలి.