బహుసంతానము - ధర్మము

చేజర్ల మొదలుగాఁ గల మన పల్లెలలోఁ బెండ్లికూఁతును బెద్దలు పిల్లాపాపలతో వర్ధిల్లుమని దీవింతురు. ఋగ్వేదమందలి వివాహసూక్తము పదుగురు కొడుకులను గోరుచున్నది. శిశుమరణములు మెండైన కాలమున నట్టి కోరిక సహజము. అంతమాత్రమున బహుసంతానమే ధర్మమని సిద్ధింపదు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము, పితృఋణము తీర్చు జ్యేష్ఠుఁ డొక్కఁడే ధర్మజుఁడనియు, తక్కినవారు కామజులనియుఁ జెప్పుచున్నది. నూర్గురు కొడుకులు కలిగియు గాంధారికిఁ గడకుఁ బుత్రశోకమే మిగిలెను.

ప్రభుత్వము సైతము సంఖ్యనే ప్రమాణముగాఁ గొన్నది. ఇద్దఱికంటె నెక్కువ బిడ్డలు గలవారు పంచాయతీ యెన్నికలలో నిలువరాదని 1994లో శాసించి, 2024లో నా నిబంధనను రద్దుచేసినది. ఏలయన, 2019-21 నాఁటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున స్త్రీ కొకతెకు సగటు సంతానము 1.7, జనసంఖ్య నిలుకడకు వలసినది 2.1. నాఁడు వలదన్న పాలకులే నేఁడు కనుఁడనుచున్నారు.

ఈ రెండు మాటలలోను దల్లి యభిప్రాయ మెక్కడ? నవమాసములు మోయునది యామె. మన రాష్ట్రమున సంతాననిరోధ శస్త్రచికిత్సకు లోనగువారును దాదాపందఱు స్త్రీలే. పురుషులు నూటి కొకరైనఁ గానరారు. భారమంతయు నొకరిది, నిర్ణయము మఱియొకరిది యగుట యే ధర్మము?

చదువరులారా! పుట్టిన బిడ్డకుఁ గూడు, గుడ్డ, చదువు సమకూర్చుటయే పితృఋణము తీర్చుట. ఎందఱు కావలయునో చెప్పు నధికారము ముందుగాఁ దల్లిది. మన యిండ్లలో నీ ప్రశ్న నామె నడిగిన పిదపనే శాస్త్రమును, శాసనమును విప్పుదము.