కృంగిన వేళ చెప్పుకునే తీర్పు



"నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. ఇకమీదట గుడిలో పఠనం చదవను." "నేను వస్తే ఎవరికీ ఇష్టం ఉండదు. ప్రార్థన కూటానికి మీరే వెళ్ళండి." ఇటువంటి మాటలు మన ఇళ్ళలో అప్పుడప్పుడు వినబడుతుంటాయి. అన్నవారు నిన్నటిదాకా చక్కగా చదివినవారే, అందరినీ నవ్వుతూ పలకరించినవారే. రాత్రికి రాత్రే వారి నేర్పు ఎక్కడికి పోయింది? నేర్పు పోలేదు. మనసు కృంగింది.

ఏలీయా ప్రవక్తను చూడండి (1 రాజులు 19). కార్మెలు కొండమీద ప్రజలందరి ఎదుట 450 మంది బాలు ప్రవక్తలను ఒంటరిగా ఎదిరించిన ధీరుడు. కాని యెసెబెలు రాణి బెదిరింపు వినగానే ఎడారికి పారిపోయాడు. ఒక చెట్టు క్రింద కూలబడి, తన పితరులకంటే తాను గొప్పవాడు కానని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుని వేడుకున్నాడు. హోరెబు కొండ దగ్గర, తానొక్కడే మిగిలానని మొరపెట్టుకున్నాడు. దేవుని లెక్కలో మాత్రం 7000 మంది ఉన్నారు! ఏలీయా అబద్ధమాడలేదు. దుఃఖం నిండిన కళ్ళకు అంతే కనిపించింది.

మనస్తత్వ శాస్త్రం కూడ ఈ సంగతినే చెబుతోంది. ఫోర్గాస్, బోవర్, క్రాంట్జ్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధనలో, కొందరు ఇతరులతో మాట్లాడుతుండగా ముందుగా వీడియో తీశారు. తరువాత వారిలో కొందరికి సంతోషాన్ని, కొందరికి విచారాన్ని కలిగించి, ఆ వీడియోను చూపించారు. సంతోషంగా ఉన్నవారు తమ ప్రవర్తనలో నేర్పును ఎక్కువగా చూశారు. విచారంగా ఉన్నవారికి తమ లోపాలే ఎక్కువగా కనిపించాయి. జరిగిపోయిన సంభాషణ మారదు గదా! మారింది చూసేవారి మనసే.

అందుకే పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు తమ 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఒక నియమం పెట్టారు. ఆత్మ నిరుత్సాహంలో ఉన్నప్పుడు, అంతకు ముందు చేసుకున్న మంచి నిర్ణయాన్ని మార్చుకోకూడదు. ఆనందంలో ఉన్నవాడు సైతం పొంగిపోక, రాబోయే కష్టకాలాన్ని తలచుకొని వినయంగా ఉండాలని కూడ ఆయన బోధించారు.

కృంగిన ఏలీయాను దేవుడు మందలించలేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దేవదూత చేత రొట్టె, నీరు ఇప్పించాడు. అతడు చెప్పుకున్నదంతా విన్నాడు. ఆ పిమ్మటే పని అప్పగించి, ఎలీషాను తోడుగా ఇచ్చాడు. తల్లిదండ్రులారా, దంపతులారా, మన ఇంట్లో ఒకరు "నేను దేనికీ పనికిరాను" అన్నప్పుడు వెంటనే వాదనకు దిగకండి. అన్నం పెట్టండి. ప్రక్కన కూర్చొని వినండి. నిజంగా లోపం ఉంటే, మనసు కుదుటపడిన రోజున దాన్ని గూర్చి ప్రేమతో మాట్లాడుకోవచ్చు. ఆ దిగులు వారాల తరబడి వదలకపోతే, ప్రార్థనతో పాటు వైద్యుని దగ్గరకు కూడ తీసుకువెళ్ళండి. అది విశ్వాసలోపం కాదు.

ప్రియులారా, కృంగిన వేళ మనల్ని గూర్చి మనం చెప్పుకునే తీర్పు చివరి తీర్పు కాదు. తీర్పరి మనం కాదు, మనలను పేరుపెట్టి పిలిచిన ప్రభువు. ఈ ఆదివారం గుడిలో మీ ప్రక్క స్థలం ఖాళీగా కనిపిస్తే, ఆ సహోదరుని ఇంటికి వెళ్ళి పలకరించండి. మిగిలిన 7000 మందిలో మీరూ ఉన్నారని అతనికి తెలియాలి.