కార్తీకంలో కోడిగుడ్డు

మా ఇంట్లో కార్తీకమాసం నెల్లాళ్లూ నీచు వండరు. సోమవారాలు నక్తం; చుక్క కనబడ్డాకే భోజనం. ఈసారి నాకు రొమ్ము కాన్సర్‌కి కీమో ఆ నెలలోనే పడింది. బరువు తగ్గకూడదు, కిలో బరువుకు గ్రామున్నర దాకా మాంసకృత్తులు రోజూ అందాలన్నారు డాక్టరుగారు. నేను 50 కిలోల మనిషిని, అంటే 75 గ్రాములు. నోరంతా పూసి ఉన్నప్పుడు పప్పూ పెరుగుతోనే అంతా రావాలంటే ఎలా? గుడ్డుకి 6 గ్రాములుంటాయి, మెత్తగా దిగుతుంది.

"శివుడి నెలలో గుడ్డేమిటి వదినా? అసలే జబ్బు మనిషివి, ఆయన కోపం కూడా ఎందుకు?" అంది మా ఆడపడుచు.

ప్రేమతోనే అంది. కానీ ఆ మాట అడుగున ఒక నమ్మకం ఉంది: రోగం పాపఫలం, కడుపు మాడ్చుకుంటే ఆ పాపం కొంత కరుగుతుంది. నేను దీన్ని ఒప్పుకోను. కాశీపూర్ తోటలో గొంతు కాన్సర్‌తో పోయిన రామకృష్ణులకు ఏ పాపం అంటగడతాం? ఎడమచేతి మీద గడ్డతో 1950లో దేహం వదిలిన రమణులకు?

రామకృష్ణులకు చివర్లో జావ దిగడం కూడా కష్టమైంది. కాస్త తిననిమ్మని అమ్మవారిని అడగమని నరేంద్రుడు పట్టుబట్టాడు. అడిగితే, ఇన్ని నోళ్లతో తింటున్నావుగా అని ఆవిడ శిష్యులందరినీ చూపించిందట. ఆయన సిగ్గుపడి ఊరుకున్నారు. దేహాన్ని పట్టించుకోవద్దనడానికి ఈ కథ చెబుతుంటారు. నా మనసు మాత్రం అడగమన్న నరేంద్రుడి దగ్గర, పక్కనే ఉండి పథ్యం వండిపెట్టిన శారదాదేవి దగ్గర ఆగుతుంది. ఆ నాలుగు ముద్దల కోసం తపించడం భక్తి కాదని ఎవరనగలరు?

గీత 6వ అధ్యాయం బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదంటుంది. 17వ అధ్యాయంలో కృష్ణుడు ఇంకా గట్టిగా చెబుతాడు: శాస్త్రం చెప్పని ఘోరతపస్సులతో ఒంటిని పీడించేవాళ్లు లోపలున్న తననే పీడిస్తున్నారని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒక పూట ఉపవాసం గురించి కాదు ఇది. మందు తెల్లకణాలను పడగొడుతున్న ఒంటిని ఇంకా ఎండబెట్టడం గురించి.

చక్కెర మానేస్తే గడ్డ మాడిపోతుందని, లక్ష్మణఫలం ఆకు కషాయం తాగమని చెప్పేవాళ్లకూ నాది ఇదే జవాబు. తిండి మానేస్తే ముందు చిక్కిపోయేది మనిషి.

ఆ సోమవారం పొద్దున దీపం పెట్టి, శివుడికి మారేడు దళాలు వేశాను. మధ్యాహ్నం గుడ్డు తిన్నాను. పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి, కీమోలో సగం ఉడికింది పనికిరాదు. మెత్తటి అన్నంలో నలిపి, నెయ్యి వేసి, చిటికెడు ఉప్పు. కారం, మిరియం ఏదీ లేదు. స్టీలు చెంచా నోట్లో పెడితే తుప్పు రుచి తగులుతుంది, అందుకని చెక్క చెంచా. సగం గిన్నెకి అరగంట పట్టింది. తింటున్నంతసేపూ మనసులో పంచాక్షరి నడుస్తూనే ఉంది. అపచారం చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మా ఆడపడుచు ఆ రోజు నా పేరున తను నక్తం ఉంది. నేను వద్దనలేదు, ఆమెకు ఓపిక ఉంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లతో ఉండి, ఆ గుడ్డు ఉడకబెట్టి పెంకు వలిచిపెట్టింది కూడా తనే.